ఏ బావి నీళ్లు?

కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో నడివయసు దాటిన రైతు నడుము పట్టుకుని కూలబడితే ఎవరూ ఆశ్చర్యపోరు. గుంటక తోలినవాడు, పత్తి మూటలు మోసినవాడు, నడుం నొప్పి రాకుంటే ఎట్లా? వాతమంటారు, తైలం రుద్దుతారు, ఆదోని పోయినప్పుడు నొప్పి మాత్రలు తెచ్చుకుంటారు. చాలామందికి అది నిజంగానే పనివల్ల వచ్చిన నొప్పి. కొందరిది మాత్రం తాగిన నీళ్లవల్ల వచ్చిన జబ్బు కావచ్చు. ఈ రెండింటికీ తేడా ఉందని మన దేశంలో వైద్యులు గుర్తించి ఇంకా నూరేళ్లు నిండలేదు. గుర్తించిందీ తెలుగు పల్లెల్లోనే.

ముందు పడిపోయినవి ఎద్దులు. 1930ల మొదట్లో అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతపు రైతులు తమ ఎద్దులు కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని, కాడి మోయలేకపోతున్నాయని గమనించారు. ఆ తర్వాత పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాల్లో మనుషులకూ అదే అవస్థ ఉన్నట్టు డాక్టర్ల కంటబడింది. ఒంట్లో తిమ్మిర్లు, కీళ్ల నొప్పులు, ఆపైన నడుము వంగకపోవడం, మెడ తిరగకపోవడం. జబ్బు ముదిరినవాళ్లు మంచానికే పరిమితమయ్యారు.

గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ హెచ్. ఇ. షార్ట్, మద్రాసు వైద్యాచార్యుడు జి. ఆర్. మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు టి. డబ్ల్యు. బార్నార్డ్, ఎ. ఎస్. మన్నాడి నాయర్ కలిసి 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ ఫ్లోరోసిస్ జబ్బు గురించి రాశారు. మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో పెరుగుతుందని 1948లో తేల్చిన ఇద్దరిలో ఒకరు ఈ షార్టే. ఆయన పేరు చెబితే లోకానికి మలేరియా గుర్తొస్తుంది. మనకు పొదిలి గుర్తురావడం న్యాయం.

ఈ జట్టులో బార్నార్డ్ లేకుంటే కథ ముందుకు నడిచేది కాదేమో. చేత్తో పట్టి చూస్తే ఇది మామూలు కీళ్లవాతం. ఎక్స్‌రేలోనేమో ఎముకలు సుద్దముక్కల్లా తెల్లగా, చిక్కగా కనబడతాయి. వెన్నుపూసల మధ్య పట్టీలు గట్టిపడి వెన్నంతా ఒకే కర్రయిపోతుంది. ముంజేతిలోని రెండు ఎముకల నడుమ ఉండే పల్చటి పొర కూడా సున్నం పట్టి ఎముకలా మారుతుంది. ఫ్లోరోసిస్‌ను పట్టించే గుర్తుల్లో ఇది ముఖ్యమైనది.

ఇలాంటి ఎముకల్ని యూరప్ కూడా అప్పుడప్పుడే చూస్తోంది. గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చిన క్రయొలైట్ రాయిని పొడిచేసే కోపెన్‌హేగన్ కార్మికుల ఎక్స్‌రేలలో మోలర్, గుడ్‌యోన్సన్ 1932లో ఇదే చిక్కదనం కనుగొన్నారు. ఆ రాయిలో ఉన్నది ఫ్లోరిన్. కాయ్ రోహోమ్ ఈ విషయంపై పెద్ద గ్రంథం వెలువరించిందీ 1937లోనే. అక్కడ కార్మికులు దుమ్ము పీల్చారు, ఇక్కడ రైతులు బావినీళ్లు తాగారు. పళ్ల కథ ఇంకా పాతది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో జనం పళ్లమీది గోధుమరంగు మచ్చల వెనకాల ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901 నుంచి పడ్డాడు. కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని 1931లో తేలింది.

అయితే పళ్లను నమ్ముకుంటే మోసపోయే సందర్భమూ ఉంది. ఈ మచ్చలు పడేది చిన్నతనంలో, పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగినవాళ్లకే. మంచినీళ్ల ఊళ్లో పుట్టి ఫ్లోరైడ్ ఊరికి కోడలుగా వచ్చినామె పళ్లు తళతళలాడుతూనే ఉంటాయి, నడుము మాత్రం ఏళ్ల తరబడి బిగుసుకుపోతూ వస్తుంది. పళ్లు చూసి ఏమీ లేదని పంపేస్తే జబ్బు దాటిపోయినట్టే.

హైదరాబాద్ రాష్ట్రంలోని నల్లగొండ గురించి ఎ. హెచ్. సిద్దికీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆ జిల్లా పేరు తర్వాత చికిత్సకు కాదు, నీటి శుద్ధికి అతుక్కుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లను తేర్చే నల్లగొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. జబ్బు ముదిరాక ఎముకను వెనక్కి తెచ్చే మందు లేదు గనుక, నీళ్లు మార్చడమే దారి. కాచితే పోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. కాచితే నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది.

1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి మరో వింత రూపాన్ని లాన్సెట్‌లో బయటపెట్టారు. ఫ్లోరైడ్ ఊళ్లలో కుర్రాళ్ల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. తర్వాత అదే సంస్థలో లక్ష్మయ్య, శ్రీకంఠయ్య 1977లో ఇంకొకటి చూపించారు. ఒకే మోతాదు ఫ్లోరైడ్ అందినా అన్నం తినేవాళ్లకంటే జొన్న తినేవాళ్ల ఒంట్లో అది ఎక్కువగా నిలుస్తుంది. జొన్నరొట్టె బలమని నమ్మే రాయలసీమ చెవిన ఇది వేయాల్సిన మాటే. జొన్న మానమని కాదు, నీళ్లు చూసుకోమని.

ఎందుకంటే ఆదోని గుట్టల నుంచి కౌతాళం చేల అడుగుదాకా ఉన్నదీ గ్రానైట్, నైస్ రాయే. ఇలాంటి రాళ్లలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. లోతు పగుళ్లలో ఏళ్లకొద్దీ నిలిచి, సున్నం తక్కువై క్షారం ఎక్కువైన నీళ్లు దాన్ని బాగా కరిగించుకుంటాయి. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందని పరీక్ష చేస్తే తప్ప తెలియదు. కాలువ నీళ్లలో ఈ బెడద తక్కువ. 1953లో తుంగభద్ర డ్యాములో నీళ్లు నిలవడం మొదలై, దిగువ కాలువ ఇటు పారాక, ఎస్.ఎస్. ట్యాంకు (వేసవి నిల్వ చెరువు) నీళ్లు అందిన ఊరికీ బోరింగే గతైన ఊరికీ జబ్బు భయం ఒకటిగా ఉండదు. ఒకే ఊళ్లోనైనా అన్ని బోర్ల నీళ్లూ ఒకటి కాదు.

దీనికి తోడు సుగ్గి. పంట చేతికి రాని ఏడాది కౌతాళం, కోసిగి కుటుంబాలు పిల్లాపాపలతో మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోతాయి. అక్కడ నెలలపాటు తాగేది ఎవరి చేలో నీళ్లో. అందుకని డాక్టరు ఏ ఊరు అని అడిగి ఊరుకుంటే చాలదు. పుట్టిందెక్కడ, మెట్టిందెక్కడ, సుగ్గికి ఎక్కడికి పోతారు, బోరు ఎంత లోతు అని అడగాలి. ముప్పైల్లో వెన్ను బిగిసిన మనిషిని చూడగానే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనుకోవడం సహజమే. ఒక్క ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయిస్తే దారి తేలుతుంది.

ఇక సర్కారు జిల్లా లెక్కల సంగతి. 1937 వ్యాసం నాటికి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలో కలిసి కర్నూలు జిల్లాకు వచ్చింది. పొదిలి, దర్శి, కనిగిరి 1970లో నెల్లూరును విడిచి తర్వాత ప్రకాశం పేరు పొందిన జిల్లాలోకి వెళ్లాయి. కేంద్రం 2008–09లో ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమాన్ని ఐదు జిల్లాలతో మొదలుపెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంచుకున్నది నెల్లూరు. మనుషుల్లో జబ్బు మొదట డాక్టర్ల కంటబడిన ఆ మూడు తాలూకాలు అప్పటికి నెల్లూరులో లేవు.