చిన్న కారులో చల్లదనము

సామాన్య కుటుంబము కొనదగిన, డిక్కీ గల చిన్న కారులో సైతము నేడు ఏ.సి. సాధారణ ఉపకరణమైనది. హైదరాబాదు వీథులలో ఒకప్పుడు తిరిగిన అంబాసిడరు, ఫియట్ కార్లలో ఎండకాలము వచ్చినదన్న, అద్దములు దింపుకొనుటయే చాలమందికి ఉపాయము.

కారులో ఏ.సి.ని మొదట అమర్చి అమ్మినది అమెరికాలోని ప్యాకర్డు కంపెనీ, 1939లో. చల్లబరచు భాగమే డిక్కీలో చాల చోటు నాక్రమించెను. ఆపవలెనన్న బండి దిగి, ఇంజను కప్పు నెత్తి, బెల్టు ఊడదీయవలెను! అది ధనికుల వేడుకయే గాని సదుపాయము కాదు.

సూత్రము మాత్రము నేటికిని అదియే. సులువుగా మరుగు ద్రవము ఆవిరియగునపుడు చుట్టునున్న వేడిని గ్రహించును. ఆ ఆవిరిని కంప్రెసరు నొక్కి కారు ముందుభాగపు గొట్టములకు పంపగా, అది వేడిని బయటి గాలికి విడిచి మరల ద్రవమగును. మట్టి కూజాలో నీరు చల్లబడుటయు ఇట్టిదే. కాని కూజా తన ఆవిరిని పోగొట్టుకొనును, కారు దానిని తిరిగి వాడుకొనును.

చాలకాలము ఈ పని చేసినది సి.ఎఫ్.సి.-12. అది మండదు, విషము కాదు, త్వరగా చెడదు. ఈ చెడని గుణమే చేటు తెచ్చినది. అట్టి పదార్థములు చెక్కుచెదరక మీది వాతావరణమునకు చేరి, అతినీలలోహిత కిరణములచే విడిపోయి, క్లోరినును వదలి ఓజోనును హరించునని 1974లో మొలీనా, రోలండు తెలిపిరి. 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరెను. 1992లో భారతదేశము అందు చేరెను.

దాని స్థానమున వచ్చిన హెచ్.ఎఫ్.సి.-134ఎలో క్లోరిను లేదు. దీనిని స్వదేశములోనే చేయు మార్గమును వెదకినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువన, తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారు ఒకరు. 1944లో హైదరాబాదు సంస్థానపు ప్రయోగశాలగా పుట్టిన సంస్థ యిది. ట్రైక్లోరోఎథిలీనును హైడ్రోజన్ ఫ్లోరైడుతో రెండు మెట్లలో కలుపవలెను. మొదటిది కొంత సులువు. రెండవ మెట్టులో చర్య వెనుకకు మరలుచుండును. మిగిలిన ఒక్క క్లోరిను పరమాణువును తొలగించుటకు అధికమైన వేడియు, క్రోమియం ఆక్సైడు, అల్యూమినా కలిసిన ఉత్ప్రేరకమును కావలెను. అసలు కష్టమంతయు అచటనే. సంస్థ శాస్త్రజ్ఞులు తమ విధానమునకు పేటెంటు పొందిరి.

ఓజోనుకు హాని లేని ఈ వాయువు భూమిని మాత్రము వేడెక్కించును. దీని వాడుకను క్రమముగా తగ్గింపవలెనని 2016లో కిగాలీలో నిర్ణయించిరి; 2021లో భారతదేశము దానిని ఆమోదించెను. బదులు వచ్చిన వాయువు ఖరీదైనది, కొంచెము మండు స్వభావము కలది. చవక కారుకు ఇది చిన్న చిక్కు కాదు. గ్యాసు మార్చునపుడు పాతదానిని గాలిలోనికి వదలక యంత్రముతో సిలిండరులోనికి తీయవలెను. చిన్న కారులో నుండునది సుమారు అర కిలోయే; కాని అంతయు గాలిలో కలిసిన, నూరేండ్ల లెక్కలో దాని ప్రభావము దాదాపు 700 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము.