నకిలీ వాహన బీమా మోసాలు

నకిలీ వాహన బీమా మోసం అనగా బీమా కంపెనీ ప్రతినిధులమని ఫోను చేసి, వాహన యజమానికి చెల్లని పాలసీ అంటగట్టి సొమ్ము కాజేయుట. ఇందులో పోయేది ప్రీమియం సొమ్ము మాత్రమే కాదు. ప్రమాదం జరిగితే బాధితులకు చెల్లించవలసిన నష్టపరిహారం కూడా యజమాని మీదనే పడుతుంది.

నేపథ్యం

మోటారు వాహనాల చట్టం (1988) 146వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బహిరంగ ప్రదేశాలలో వాహనం నడపరాదు. 2019 సవరణ ప్రకారం దీనికి జరిమానా మొదటిసారి 2,000 రూపాయలు, మరల పట్టుబడితే 4,000 రూపాయలు. జైలుశిక్ష కూడా పడవచ్చును. లారీలకు, ఆటోలకు ఏటా బీమా పునరుద్ధరించుకోవాలి.

విజయవాడ 16వ, 65వ జాతీయ రహదారులు కలిసే చోటు. ఇక్కడి ఆటోనగర్ లారీల మరమ్మతులకు పేరొందినది. కృష్ణా డెల్టా ధాన్యం, చేపలు లారీలలో దూరప్రాంతాలకు వెళ్తాయి. బండి ఒక్కరోజు ఆగినా కిరాయి పోతుంది గనుక, గడువు ముగుస్తోందన్న ఫోనుకు యజమానులు త్వరపడే అవకాశం ఎక్కువ.

మోసపు పద్ధతి

ఫోను చేసిన వ్యక్తి బండి నంబరు, బీమా గడువు తేదీ చెప్పి నమ్మకం కలిగిస్తాడు. ఈరోజే చెల్లిస్తే ప్రీమియం సగమేనని ఆశపెట్టి, సొమ్మును వ్యక్తిగత ఖాతాకు పంపమంటాడు. తరువాత అచ్చం అసలు పాలసీలాగే కనిపించే పత్రం పంపుతాడు. కొందరు ద్విచక్ర వాహనానికి తక్కువ ప్రీమియంతో పాలసీ తీసి, దానిని కారుకో లారీకో తీసినట్లు దిద్దుతారు.

బీమా గడువు తేదీని బండి నంబరుతో పరివాహన్ సేవల ద్వారా తెలుసుకొనవచ్చును. కావున ఆ తేదీ తెలిసినంత మాత్రాన ఫోను చేసినవాడు కంపెనీ మనిషి కానక్కరలేదు.

ఉదాహరణలు

2020లో 'డిజిటల్ నేషనల్ మోటార్ ఇన్సూరెన్స్' అనే పేరుతో బెంగుళూరు చిరునామా నుండి పాలసీలు అమ్ముతున్న సంస్థకు తాము లైసెన్సు ఇవ్వలేదని హైదరాబాదులోని భారత బీమా నియంత్రణ సంస్థ ప్రజలను హెచ్చరించింది.

అమెరికాలో ఇదే తరహా మోసం కారు వారంటీ పొడిగింపు పేరుతో సాగింది. 2021లో మూడు నెలల వ్యవధిలో 500 కోట్లకు పైగా యాంత్రిక కాల్స్ చేసిన ముఠాకు 2023లో అక్కడి సమాచార కమిషను దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

జాగ్రత్తలు, ఫిర్యాదు

* ప్రీమియాన్ని కంపెనీ పేరున మాత్రమే చెల్లించాలి.
* పాలసీ సంఖ్యను కంపెనీ కార్యాలయంలో గాని, అధికారిక వెబ్‌సైటులో గాని సరిచూసుకోవాలి.
* మోసపోతే వెంటనే 1930కు ఫోను చేయాలి. సొమ్ము చేతులు మారకముందే ఫిర్యాదు అందితే బ్యాంకులు దానిని నిలిపివేసే అవకాశమున్నది.
* బీమా సంబంధిత ఫిర్యాదులకు నియంత్రణ సంస్థ నంబరు 155255.

ఫోను, కంప్యూటరు వంటి సాధనాల ద్వారా వేరొకరిగా నటించి మోసగించుటకు సమాచార సాంకేతిక చట్టం (2000) 66డి సెక్షను క్రింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును.

ఇవి కూడా చూడండి

* మోటారు వాహనాల చట్టం
* సైబర్ నేరాలు