తవుడు, ఊక తెచ్చిన లాభం

పెన్‌పహాడ్ మండలం చుట్టుపక్కల సేద్యమంటే ముందుగా గుర్తొచ్చేది వరే. 1963లో మూసీ ప్రాజెక్టు పూర్తయ్యాక ఎడమ కాలువ నీళ్లు ఈ వైపు పొలాలకు అందాయి. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ నుంచి నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో మాగాణి విస్తరించింది. వడ్లు పెరిగాయి, వాటి వెంటే గిర్నీలూ వచ్చాయి.

పాత గిర్నీల్లో ఉండేది హల్లర్. దాని ఇనుప రోలర్ పొట్టునూ తవుడునూ ఒకేసారి గీకేసేది. గింజలు విరిగి నూకలు ఎక్కువయ్యేవి, తవుడు ఊకలో కలిసిపోయేది. యజమానికి దక్కేది దాదాపు పట్టుకూలీ ఒక్కటే.

రబ్బరు రోలర్ల మిల్లు వచ్చాక లెక్క మారింది. రెండు రోలర్లు వేర్వేరు వేగాలతో ఎదురెదురుగా తిరుగుతాయి. మధ్యలో పడిన గింజకు పైపొట్టు ఊడుతుంది, గాలి ఊకను వేరుచేస్తుంది. ఆ తర్వాత పాలిష్ యంత్రం తవుడును విడిగా తీస్తుంది.

అసలు లాభం ఆ విడదీయడంలోనే ఉంది. శుద్ధమైన తవుడులో దాదాపు 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. అయితే మిల్లులోంచి బయటపడిన వెంటనే ఆ నూనె పాడవడం మొదలవుతుంది, అందుకే తవుడు త్వరగా నూనె మిల్లుకు చేరాలి. ఎన్నో మిల్లులు ఒకేచోట ఉండటం మిర్యాలగూడకు ఇందులో కలిసొచ్చింది. ఇక ఊక సంగతికొస్తే, వడ్ల బరువులో సుమారు ఐదో వంతు అదే. ఉప్పుడు బియ్యానికి వడ్లను నానబెట్టి ఆవిరి పట్టే బాయిలర్‌లో ఆ ఊకే మండుతుంది. ఒకప్పుడు దిబ్బలుగా పేరుకుపోయిన సరుకు ఇప్పుడు ఇంధనం ఖర్చును తగ్గిస్తోంది.

ప్రభుత్వ ధాన్యం పట్టే మిల్లరు క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం, లేదా 68 కిలోల ఉప్పుడు బియ్యం అప్పగించాలి. కేంద్రం చాలా ఏళ్లు ఇచ్చిన మిల్లింగ్ ఛార్జీ క్వింటాలుకు పచ్చి బియ్యానికి 10 రూపాయలు, ఉప్పుడు బియ్యానికి 20 రూపాయలు. అంత తక్కువ కూలితో మిల్లు నిలబడటానికి తవుడు, నూకలు, ఊక మిల్లరుకే మిగలడం ముఖ్య కారణం.

సన్న బియ్యం అమ్మేవారికి గింజలను రంగును బట్టి ఏరే సార్టెక్స్ యంత్రం మరో మెట్టు. కెమెరా రంగు మారిన గింజను పట్టుకుంటుంది, గాలి దెబ్బ దాన్ని పక్కకు తోసేస్తుంది. బస్తాకు మంచి ధర రావాలంటే ఈ శుభ్రత తప్పనిసరి.

అందుకే పెన్‌పహాడ్ రైతు సంఘాలు సొంతంగా చిన్న మిల్లు పెట్టుకోవాలి. యంత్రం కొనేముందే తవుడు ఎవరికి అమ్మాలో, ఊక ఎక్కడ వాడాలో తేల్చుకోవాలి. ఆ లెక్క కుదిరితే మండలంలో పండిన వడ్ల లాభం మండలంలోనే మిగులుతుంది.