మాదకద్రవ్య వ్యసనము – చికిత్సా వ్యయము ఎవరిది?

ఇంటిలో ఒకరికి మాదకద్రవ్యముల వ్యసనము పట్టుకొన్నదని తెలిసిననాడు ఆ కుటుంబమునకు రెండు ప్రశ్నలు ఎదురగును. ఎక్కడకు తీసికొనిపోవలెను? ఎంత ఖర్చగును? కాలు విరిగినచో ఈ ప్రశ్నలను ఇరుగుపొరుగువారిని నిస్సంకోచముగా అడుగుదుము. వ్యసనము విషయమున అడుగుటకే సిగ్గు అడ్డువచ్చును. చాటుగా విచారించువాడు సులభముగా మోసపోవును.

ఈ రెండు ప్రశ్నలకు సమాధానములు కాలక్రమమున ఎట్లు మారినవో అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రలో స్పష్టముగా కనబడును. అచ్చట ఈ చికిత్స మొదట అంగడి సరకైనది, పిమ్మట నేరమైనది, అటుపిమ్మట ప్రభుత్వ ధర్మమును, తుదకు భీమా హక్కును అయినది. ఆ కథ మనకును పనికివచ్చును.

వ్యసనము ఎట్లు కలుగును?

నల్లమందు మానవునకు వేలయేండ్లుగా తెలిసిన ఔషధము. 19వ శతాబ్దారంభమున జర్మనీ దేశస్థుడైన సెర్ట్యూర్నర్ దానినుండి మార్ఫిన్‌ను వేరుచేసెను. 1850 తరువాత చర్మము క్రిందికి మందు నెక్కించు సూది వాడుకలోనికి వచ్చెను. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గుమందుగా అమ్మ నారంభించెను.

ఈ పదార్థములు మెదడు కణములపై నున్న ప్రత్యేక గ్రాహకములను అంటుకొని నొప్పిని అణచును. మాటిమాటికి వాడినచో శరీరము వానికి అలవాటుపడును; అదే ఫలితమునకు మోతాదు పెంచవలసివచ్చును. మందు ఆగిన కొన్ని గంటలకే కన్నులు, ముక్కు కారును, కండరములు లాగును, వాంతులు, విరేచనములు పట్టుకొనును, నిద్ర రాదు. ఈ బాధలు సాధారణముగా వారము పది దినములలో తగ్గును. కాని మందుపై ఆశ నెలల తరబడి విడువదు. అంతేకాక, మానియున్న కాలమున శరీరమునకు మందును తట్టుకొను శక్తి తగ్గిపోవును. అప్పుడు పాత మోతాదునే మరల తీసికొన్నవాడు ప్రాణమునే కోల్పోవచ్చును. కనుక పది దినముల చికిత్సతో ఈ వ్యాధి నయమగునని తలచుట పొరపాటు.

బంగారపు మందు

1879లో ఇల్లినాయ్ రాష్ట్రమునందలి డ్వైట్ అను చిన్న ఊరిలో లెస్లీ కీలీ అను వైద్యుడు ఒక చికిత్సాలయమును స్థాపించెను. త్రాగుడు, నల్లమందు అలవాటు వ్యాధులే గాని దుర్నీతి కావని ఆయన చాటెను. ఆ కాలమున అది మెచ్చదగిన మాటయే. కాని ఆయన మందు రహస్యము. దానిలో బంగారము కలదని ప్రచారము. నాలుగు వారముల పాటు దినమునకు నాలుగుసార్లు ఆ మందును సూదితో ఎక్కించెడివారు. 1890 దశకములో ఈ సంస్థ శాఖలు నూటికి మించినవి. బంగారమువలన వ్యసనము పోవునని ఎన్నడును రుజువు కాలేదు. ఖర్చు మాత్రము రోగిదే.

అంత సొమ్ము లేనివారికి టపాలో వచ్చు సీసామందులు దిక్కైనవి. నల్లమందు అలవాటును మాన్పునని అమ్మిన ఆ మందులలో అనేకములందు మార్ఫినే ఉండెను! కంచె చేను మేసినట్లైనది. రోగి సీసా వెంట సీసా కొనుచు, నయమగుచున్నదని భ్రమపడెడివాడు. 1906లో వచ్చిన ఆహార, ఔషధ శుద్ధి చట్టము సీసాపై మార్ఫిన్, నల్లమందు, కొకెయిన్ మొదలగువాని పేర్లను అచ్చువేయవలెనని శాసించెను. దానితో ఈ వ్యాపారము గుట్టు బయటపడెను.

వైద్యుని తలుపు మూతపడుట

1914లో హారిసన్ చట్టము వచ్చెను. నల్లమందు, కొకెయిన్ సంబంధమైన సరకుల లెక్క ఉంచుట, పన్ను వేయుట దాని పైరూపము. వైద్యుడు తన వృత్తి ధర్మములో భాగముగా వీనిని ఈయవచ్చునని అందు కలదు. కాని వ్యసనపరునకు బాధ కలుగకుండ నిలకడగా మార్ఫిన్ ఇచ్చుట వైద్యమగునా? కాదని 1919లో వెబ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పుతో అట్లు మందిచ్చు వైద్యునకు జైలు భయము పట్టుకొన్నది.

ఆ సమయముననే కొన్ని నగరములు స్వయముగా చికిత్సాలయములను తెరచినవి. లూయిసియానాలోని ష్రీవ్‌పోర్ట్ నగరమున డాక్టర్ విల్లిస్ బట్లర్ నడపిన చికిత్సాలయము వానిలో పేరుపొందినది. రోగికి మార్ఫిన్ తక్కువ ధరకు దొరకుటచే దొంగ వర్తకుని చెంతకు పోవలసిన పని లేకుండెను. కేంద్ర అధికారుల ఒత్తిడివలన అదియు 1923లో మూతపడెను. తరువాత వ్యసనపరునకు తెరచియున్న ప్రభుత్వ ద్వారము కారాగారమొక్కటే.

లెక్సింగ్టన్ క్షేత్రము

కారాగారములు నిండిపోగా, 1929లో అమెరికా శాసనసభ రెండు ప్రత్యేక సంస్థలకు అనుమతించెను. మొదటిది 1935లో కెంటకీ రాష్ట్రమున లెక్సింగ్టన్ వద్దను, రెండవది 1938లో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్ వద్దను తెరువబడినవి. లెక్సింగ్టన్ సంస్థ సుమారు వెయ్యి ఎకరముల వ్యవసాయ క్షేత్రము. సగము ఆసుపత్రి, సగము జైలు. శిక్షపడినవారితో పాటు తమంతతాముగా వచ్చినవారిని గూడ చేర్చుకొనిరి. ఖర్చు ప్రభుత్వము భరించెను. ప్రసిద్ధ సాక్సఫోన్ వాద్యకారుడు సోనీ రోలిన్స్ 1955లో ఇచ్చట చికిత్స పొంది వ్యసనమునుండి బయటపడెను.

కాని అట్టి అదృష్టము కొందరికే. లెక్సింగ్టన్ నుండి న్యూయార్కునకు తిరిగివెళ్ళిన 1,912 మంది స్థితిగతులను హంట్, ఓడొరాఫ్ అను పరిశోధకులు పరిశీలించి 1962లో ప్రకటించిరి. నూటికి తొంబదిమందికి పైగా మరల వ్యసనమున పడిరి. వారిలో అత్యధికులు ఆరునెలలలోపుననే పడిరి. మందు మాన్పించి పాత వీధికే పంపివేసినచో ఏమగునో ఆ లెక్కలు తెలిపినవి. అచ్చటి ఖైదీలపై జరిపిన ఔషధ ప్రయోగములు సైతము తీవ్రవిమర్శకు గురియైనవి. 1974లో ఆ సంస్థ కారాగార శాఖకు అప్పగింపబడెను.

మెథడోన్, ఏబదియైదేండ్ల నిరీక్షణ

లెక్సింగ్టన్‌లో పనిచేసి, ఆ వైఫల్యమును కన్నులార చూచిన వైద్యురాలు మేరీ నైస్వాండర్. ఆమె న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థయందు జీవక్రియా శాస్త్రజ్ఞుడైన విన్సెంట్ డోల్‌తో కలిసి 1964లో కొత్త ప్రయోగము ప్రారంభించెను. మెథడోన్ అను కృత్రిమ ఔషధమును దినమున కొకసారి నోటిద్వారా ఇచ్చిరి. అది మెల్లగా పనిచేయుచు ఒక దినమంతయు నిలుచును. మత్తెక్కింపదు, బాధయు రానీయదు. 1965లో 22 మంది రోగుల అనుభవమును వారు ప్రకటించిరి. మధుమేహరోగి ఇన్సులిన్ తీసికొన్నట్లే, ఈ రోగి దీర్ఘకాలము మందు తీసికొనుచు ఉద్యోగము చేసికొనవచ్చునని వారి భావము.

1971లో అధ్యక్షుడు నిక్సన్ డాక్టర్ జెరోమ్ జాఫీ ఆధ్వర్యమున ప్రత్యేక కార్యాలయమును నెలకొల్పెను. కేంద్రధనముతో చికిత్సాలయములు దేశమంతట వెలసినవి. కాని 1981లో ఈ ధనము రాష్ట్రముల మొత్తపు గ్రాంటులలో కలిసిపోయెను. వృద్ధులకు, అంగవికలురకు ఉద్దేశించిన మెడికేర్ భీమా మెథడోన్ చికిత్సాలయముల ఖర్చు చెల్లించుట 2020 జనవరి 1న గాని మొదలుకాలేదు. మందు గుణము లోకమునకు తెలిసిన పిమ్మట ఏబదియైదేండ్లకు!

ఇతర భీమాల విషయమున 2008 నాటి చట్టము ముఖ్యమైనది. మానసిక వ్యాధులకును, వ్యసనమునకును చెల్లింపు ఇచ్చు భీమా, శరీరవ్యాధులకన్న వానికి కఠినమైన షరతులు పెట్టరాదని అది శాసించెను. అయితే చెల్లించువాడు దొరకగానే దళారియు దొరికెను. రోగులను చేర్పించినందుకు చికిత్సాలయములనుండి ముడుపులు పుచ్చుకొనువారు బయలుదేరిరి. దానిని నేరముగా చేయుచు 2018లో మరియొక చట్టము చేయవలసివచ్చెను.

మన దేశమున

మన దేశమున 2019లో ప్రకటింపబడిన జాతీయ సర్వే ప్రకారము మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందిరి. నిషిద్ధ ద్రవ్యములకు బానిసలైనవారిలో ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు ఇరువదిమందికి ఒక్కరు. ఈ అంకెల వెనుక సిగ్గు కలదు, దూరము కలదు, ఖర్చు కలదు, పోలీసు భయమును కలదు.

చట్టము మాత్రము కొంత సాయపడుచున్నది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 64ఎ సెక్షను ప్రకారము, స్వల్ప పరిమాణమునకు సంబంధించిన నేరము, లేక వాడిన నేరము మోపబడిన వ్యసనపరుడు స్వచ్ఛందముగా గుర్తింపుగల చికిత్సకు వెళ్ళి దానిని పూర్తిచేసినచో ప్రాసిక్యూషను నుండి రక్షణ పొందును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మాదకద్రవ్యముల వలన కలుగు మానసిక స్థితులను వ్యాధులలో చేర్చెను. ప్రభుత్వ సంస్థలలో చికిత్స పొందు హక్కును, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఉచిత సేవను అది ఇచ్చెను. భీమా కంపెనీలు శరీరవ్యాధులతో సమానముగా మానసిక వ్యాధులకును భీమా కల్పింపవలెనని కూడ ఆదేశించెను. ఎక్కడకు పోవలెనో తెలియనివారు 14446 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా అడుగవచ్చును.

చేర్పించుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలను ఈ చరిత్రయే నేర్పుచున్నది. ఈ కేంద్రము రిజిస్టరైనదా? వైద్యుడు రోగిని పరీక్షించునా? ఇచ్చు మందు పేరు చెప్పుదురా? ఇంటికి వచ్చిన తరువాత ఎన్ని నెలలు చూచెదరు? కట్టివేయుట, కొట్టుట చికిత్స కాదు. రహస్య ఔషధము నేడును కీలీ బంగారము వంటిదే.

మెథడోన్ వంటి మందు చేతికి వచ్చినను, ఖర్చు భరించువారు లేక అమెరికాలో ఎందరో దానికి దూరముగ నుండిపోయిరి. మన యింట ఈ వ్యాధి కనబడిన నాడు సిగ్గుపడి దాచక, ప్రభుత్వాసుపత్రి తలుపు తట్టుటయే మొదటి మందు.