నాటకపు టిక్కెట్టు: చేతులు మారిన చరిత్ర

రజతోత్సవ సంచికకు టిక్కెట్టు ముక్కను గూర్చి వ్యాసమేమని కొందరు మిత్రులు నవ్విరి. రాజుల శాసనములను గూర్చి వ్రాయువారు పెక్కుమంది కలరు. కాని ఆటనాడు ఎవరు లోపల కూర్చుండిరి, ఎవరు వెలుపల నిలిచిపోయిరి అను సంగతి తెలియవలెనన్న ఆ చినిగిన కాగితమునే అడుగవలెను.

మన సీమలో ఆటకు టిక్కెట్టు లేని కాలము చాల దీర్ఘమైనది. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మల కళకు ప్రసిద్ధి కెక్కినది. తోలుబొమ్మలాట గాని, వీధినాటకము గాని ఊరికి వచ్చినపుడు ఊరివారు ధాన్యమో, చందాయో ఇచ్చి ఆడించుకొనెడివారు. ఇచ్చినవాడును చూచెను, ఈయలేనివాడును చూచెను. గుమ్మము లేనిచోట టిక్కెట్టు లేదు. టిక్కెట్టు లేనిచోట దానిని మరల అమ్మువాడును లేడు.

ధార్వాడ నాటక సమాజము వంటి వృత్తి సంఘములు ఊరూర పాకలు వేసి ఆడసాగిన పిదప ఈ స్థితి మారెను. ఆ సమాజము రాజమహేంద్రవరములో ఆడి వెడలిపోగా, వారు విడిచిన పాకలోనే 1880లో కందుకూరి వీరేశలింగముగారు తమ విద్యార్థులచే నాటకము లాడించిరి. మనకు దగ్గరి కేంద్రము బళ్లారి. 1882లో అనంతపురము ప్రత్యేక జిల్లా యగువరకు మనమును బళ్లారి జిల్లావారమే. అచట ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభను, కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమా సభను నడపిరి. 1880లో తాడిపత్రిలో జన్మించిన బళ్లారి రాఘవగారు ఆ గాలిలోనే నటులైరి. వృత్తిచే ఆయన న్యాయవాది. నటన ఆయనకు జీవనోపాధి కాదు.

ఆ సభలవారు ఔత్సాహికులు. ఇరువదవ శతాబ్దపు రెండవ పాదమున కంట్రాక్టు నాటకములు బలపడెను. కంట్రాక్టరు పేరుగన్న నటులకు ఒక్కొక్కరికి ఇంతయని ముట్టజెప్పి, వేర్వేరు సమాజములవారిని ఒక్క రాత్రికి ఒక్క వేదికపై చేర్చును. ఆపై ఆ రాత్రి యంతయు అతనిది. కుర్చీ, బెంచీ, నేల యను తరగతులు అతడే ఏర్పరచును. రాబడియు అతనిదే, జనము రాకున్న నష్టమును అతనిదే. ఆటను టోకున కొని చిల్లరగా అమ్ముట యన్న ఇదియే. దీనిని తప్పనజాలము. అతడు నష్టభయమును నెత్తికెత్తుకొన్నాడు గనుకనే పెద్ద నటులు చిన్న పట్టణములకు రాగలిగిరి. నష్టభయమునకు వెరచి, లాభమును మాత్రము కోరు మధ్యవర్తి వేరొకడు కలడు.

వానిని మనము సినిమాహాళ్ల యెదుట చూచితిమి. బ్లాకు టిక్కెట్టు అను మాట ఎరుగని పల్లె లేదు. దాని మర్మ మిది. టిక్కెట్టు ధరకు హద్దు ఉండును. కొత్త చిత్రము తొలి దినములలో జనుల కోరిక ఆ హద్దును దాటును. ఆ నడిమి సొమ్ము నటునికి గాని, హాలు యజమానికి గాని, ప్రభుత్వపు పన్నుకు గాని చేరక, వరుసలో ముందు నిలిచి పది టిక్కెట్లు దాచుకొన్నవాని జేబులో పడును. ఆంధ్రరాష్ట్రమున సినిమాల నియంత్రణ చట్టము 1955లో వచ్చెను. 2021లో దానిని సవరించి, ఆన్‌లైనున టిక్కెట్లమ్ము ఏర్పాటునకు దారి తీసిరి.

ఇది మన దేశమునకే పరిమితమైన జాడ్యము కాదు. 1850లో స్వీడను గాయని జెన్నీ లిండు న్యూయార్కునకు వచ్చినపుడు, ఆమె కచేరీ నేర్పాటు చేసిన బార్నము టిక్కెట్లను వేలమే వేయించెను. మొదటిది 225 డాలర్లు పలికెను. దళారి తినబోవు సొమ్మును తానే ముందుగా తీసికొనుట యన్నమాట. కంప్యూటరు యుక్తులచే క్షణకాలమున టిక్కెట్లన్నింటిని కొల్లగొట్టుటను నిషేధించుచు అమెరికా 2016లో చట్టము చేసెను. సాధనములు మారినవి, ఆశ మారలేదు.

ఇక మన కరవు సీమకు సన్నిహితమైనది సహాయార్థ నాటకము. 1952 నాటి క్షామములో రాయలసీమకై నందమూరి తారక రామారావుగారు విరాళములు సేకరించిన సంగతి పెద్దలెరుగుదురు. ఇట్టి టిక్కెట్టు వెల ఆటకు కాదు, ఆశయమునకు. మన గ్రంథాలయపు బీరువాల కొరకు ఆడిన పౌరాణిక నాటకమునకు మేము టిక్కెట్టు పుస్తకములు చేతబట్టి అంగళ్లు తిరిగితిమి. మొగమాటముచే కొన్నవారు పలువురు, ఆటకు రాదలచినవారు కొందరు. ఆ యేడు వేరుసెనగ ఊడలు దిగు వేళకు వాన మొగము చాటువేసెను. ఆటనాటి సాయంకాలము అంగళ్లవారు తమ టిక్కెట్లను సగము వెలకు, పావు వెలకు కూలివారికి ఇచ్చివేసిరి.

నేను గుమ్మము కడ నిలిచియుంటిని. టిక్కెట్టు వెనుకనున్న పేరు వేరు, తెచ్చిన మనిషి వేరగుట చూచి యొక ముదుసలిని ఆపితిని. “ఇది నీ పేరు కాదు గదా, తాతా!” అంటిని. “పేరు సెట్టిదైతే యేం నాయనా, దుడ్లు నావి గదా!” అనెను. నాకు బదులు తోచలేదు. ఆయనను మూడవ వరుస కుర్చీలో కూర్చుండబెట్టితిని. తెల్లవారువరకు ఆయన కదలలేదు.

పిదప ఆలోచించితిని. గ్రంథాలయమునకు పూర్తి వెల ముట్టినది. ఖాళీగా నుండవలసిన కుర్చీ నిండినది. బెంచీకైనను నోచనివాడు కుర్చీలో కూర్చుండి చూచినాడు. హాలు యెదుట జరుగునదియు చేతులు మారుటయే, ఇదియు చేతులు మారుటయే. అచట కావలసినవానికి అందకుండ దాచి వెల పెంచిరి. ఇచట అక్కర లేనివారు కావలసినవానికి విడిచిరి. కనుక తప్పు చేతులు మారుటలో లేదు, దాచుటలో నున్నది.

మరుసటి యేటి నాటకమునకు, రాలేని దాతలు తమ టిక్కెట్లను గ్రంథాలయమునకే తిరిగి ఇచ్చు నేర్పాటు చేసితిమి. వానిని ఆటనాటి ఉదయమున కూలివారికి ఉచితముగా పంచితిమి. ఆ సొమ్ముతో కొన్న బీరువాలు రెండును నేటికిని మన గ్రంథాలయమున నున్నవి.