1967 టాస్మానియా ఫుట్‌బాల్ సీజన్

ఆస్ట్రేలియా ఆగ్నేయ కొసన ఉన్న ద్వీప రాష్ట్రం టాస్మానియాలో 1967లో జరిగిన ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ పోటీలకు ఈ పేరు. ఆ ఏడాది దక్షిణాన హోబర్ట్ నగర లీగ్‌లో నార్త్ హోబర్ట్, వాయవ్య తీరపు లీగ్‌లో విన్యార్డ్ విజేతలుగా నిలిచాయి. ఈ రెండు జట్లూ బర్నీ పట్టణంలోని వెస్ట్ పార్క్ మైదానంలో ఆడిన రాష్ట్ర ఫైనల్‌లో గెలుపోటములు తేలలేదు. ఆఖరి కిక్ మిగిలి ఉండగానే ప్రేక్షకులు మైదానంలోకి దూసుకొచ్చి గోల్ స్తంభాలను పీకేశారు. ఆ సంవత్సరపు రాష్ట్ర టైటిల్ ఎవరికీ దక్కలేదు.

ఆట తీరు

జట్టుకు 18 మంది. మైదానం కోలగా ఉంటుంది. చాలా ఊళ్లలో వేసవిలో క్రికెట్ ఆడే చోటే చలికాలంలో ఈ ఆట ఆడతారు. మ్యాచ్ నాలుగు క్వార్టర్లుగా సాగుతుంది. మైదానం రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలు ఉంటాయి. నడిమి రెండూ పొడుగువి, అవి గోల్ స్తంభాలు. వాటికి అటొకటి ఇటొకటిగా ఉండే పొట్టివి బిహైండ్ స్తంభాలు. తన్నిన బంతి ఎవరికీ తగలకుండా నడిమి స్తంభాల మధ్య నుంచి పోతే గోల్, 6 పాయింట్లు. గోల్ స్తంభానికి తగిలినా, పక్క ఖాళీలోంచి పోయినా బిహైండ్, 1 పాయింట్. స్కోరును గోల్స్, బిహైండ్లు, మొత్తం పాయింట్లు అనే వరుసలో రాస్తారు.

మరొకరు తన్నిన బంతిని నేలను తాకకముందే ఒడిసిపట్టడాన్ని మార్క్ అంటారు. మార్క్ పట్టిన ఆటగాడు ప్రత్యర్థుల అడ్డు లేకుండా నింపాదిగా కిక్ కొట్టవచ్చు. ఆట ముగిసినట్టు సైరన్ మోగకముందే మార్క్ పడితే, ఆ కిక్‌ను సైరన్ తరువాత కొట్టినా చెల్లుతుంది. 1967 ఫైనల్ వివాదమంతా ఈ నిబంధన చుట్టూనే తిరిగింది.

తొలి దశ

ఈ ఆటకు 1859లో మెల్‌బోర్న్‌లో నియమాలు రాశారు. బాస్ జలసంధి దాటి అది త్వరలోనే టాస్మానియాకు చేరింది. 1879లో హోబర్ట్ కేంద్రంగా, 1886లో ఉత్తరాది నగరం లాన్సెస్టన్ కేంద్రంగా సంఘాలు ఏర్పడ్డాయి. 1910లో వాయవ్య తీరపు పట్టణాలు నార్త్ వెస్ట్ ఫుట్‌బాల్ యూనియన్ పేరుతో తమ సంఘాన్ని పెట్టుకున్నాయి. రెండు ప్రపంచ యుద్ధాలూ పోటీలకు అంతరాయం కలిగించాయి.

మూడు లీగులు, ఒక టైటిల్

1960ల నాటికి చిన్న జనాభా గల ఆ రాష్ట్రంలో మూడు పెద్ద లీగులు దేనికదే నడిచేవి. హోబర్ట్ లీగ్‌లో క్లారెన్స్, గ్లెనార్కీ, హోబర్ట్, న్యూ నార్ఫోక్, నార్త్ హోబర్ట్, శాండీ బే ఉండేవి. లాన్సెస్టన్ వైపు సంఘంలో సిటీ-సౌత్, ఈస్ట్ లాన్సెస్టన్, లాన్సెస్టన్, లాంగ్‌ఫర్డ్, నార్త్ లాన్సెస్టన్, స్కాట్స్‌డేల్ ఆడేవి. వాయవ్య యూనియన్‌లో బర్నీ, కూయీ, డెవన్‌పోర్ట్, ఈస్ట్ డెవన్‌పోర్ట్, లాట్రోబ్, పెంగ్విన్, అల్వర్‌స్టోన్, విన్యార్డ్ అనే ఎనిమిది క్లబ్బులు ఉండేవి. దేని అధికారులు, దేని పాయింట్ల పట్టిక, దేని ఫైనల్ దానివే. ఏడాది చివర ప్రాంతీయ విజేతలు తలపడి తేల్చుకునేది రాష్ట్ర టైటిల్.

ఈ ఏర్పాటులో దక్షిణానిదే పైచేయి. రాజధాని హోబర్ట్, పెద్ద మైదానం, ఎక్కువ జనం అక్కడే. ఉత్తరాది వాళ్లకు ఇది ఎప్పుడూ కంటకంగానే ఉండేది. వాయవ్య తీరం కథ వేరు. అక్కడివి ఎర్రమట్టి నేలలు, బంగాళాదుంప చేలు, పాడి పశువులు, సముద్రాన్ని ఆనుకుని వరసగా సాగే చిన్న ఊళ్లు. ఒక్కో ఊరికి ఒక్కో క్లబ్బు. పక్క ఊరితో మ్యాచ్ అంటే వారమంతా అదే చర్చ. 1964లో కూయీ రాష్ట్ర టైటిల్ గెలిచి, ఈ చిన్న ఊళ్ల జట్లను తేలిగ్గా తీసుకోకూడదని నిరూపించింది.

1967 నాటి పరిస్థితులు

ఆ ఏడాది టాస్మానియాకు విషాదంతో మొదలైంది. ఫిబ్రవరి 7న దక్షిణ ప్రాంతాన్ని కార్చిచ్చు చుట్టుముట్టింది. 60 మందికి పైగా చనిపోయారు, వేలాది మంది నిలువనీడ కోల్పోయారు. మంటలు హోబర్ట్ శివార్ల దాకా వచ్చాయి. ఆ గాయం మానకముందే హోబర్ట్ క్లబ్బులు కొత్త సీజన్‌లోకి దిగాయి.

ఆటపరంగా చూస్తే, ద్వీపం నుంచి ప్రతిభ మెల్‌బోర్న్‌కు తరలిపోతున్న కాలం అది. న్యూ నార్ఫోక్ నుంచి పీటర్ హడ్సన్ హాథోర్న్‌కూ, క్లారెన్స్ నుంచి రాయ్స్ హార్ట్ రిచ్‌మండ్‌కూ వెళ్లి, ఇద్దరూ 1967లోనే ఆ నగరం కేంద్రంగా నడిచే విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో తొలిసారి ఆడారు. హార్ట్ మొదటి ఏడే రిచ్‌మండ్ ప్రీమియర్‌షిప్, అంటే ఆ లీగ్ టైటిల్, గెలిచింది. అంతకు ముందు ఏడు, డెవన్‌పోర్ట్ ప్రాంతంలో పుట్టిపెరిగిన డారెల్ బాల్డాక్ కెప్టెన్‌గా సెయింట్ కిల్డాకు దాని మొదటి ప్రీమియర్‌షిప్ అందించాడు. క్వీన్స్‌టౌన్‌లో పుట్టిన ఇయాన్ స్టువర్ట్ 1965, 1966 సంవత్సరాల్లో వరసగా, ఆ లీగ్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే ‘బ్రౌన్‌లో’ పతకం అందుకున్నాడు.

ప్రవాహం ఎదురు దిశలోనూ సాగేది. పొరుగు రాష్ట్రం విక్టోరియాలో పేరు తెచ్చుకున్న ఆటగాళ్లను టాస్మానియా క్లబ్బులు జీతమిచ్చి కెప్టెన్-కోచ్‌గా తెచ్చుకునేవి. అతడు జట్టుకు శిక్షణ ఇస్తూనే శనివారం మైదానంలోనూ దిగేవాడు. నార్త్ హోబర్ట్ తెచ్చుకున్న జాన్ డివైన్ 1963లో ప్రీమియర్‌షిప్ గెలిచిన జీలాంగ్ జట్టు సభ్యుడు. దేనికీ జంకని మొండి ఆటగాడు. వచ్చిన మొదటి సీజన్‌లోనే క్లబ్బుకు హోబర్ట్ లీగ్ విజయం అందించాడు. తరువాతి కాలంలో, 1986 నుంచి 1988 వరకు, జీలాంగ్‌కు కోచ్‌గా కూడా పనిచేశాడు.

వాయవ్య యూనియన్‌లో విన్యార్డ్ గెలిచింది. ఇంగ్లిస్ నది సముద్రంలో కలిసే చోట, టేబుల్ కేప్ కొండకు దిగువన ఉన్న చిన్న పట్టణం అది. వారమంతా ఉద్యోగాలో వ్యవసాయమో చేసుకుని, వారాంతంలో బరిలో దిగే ఆటగాళ్లతో ఏర్పడిన అలాంటి పట్టణపు జట్టు రాజధాని విజేతతో రాష్ట్ర ఫైనల్ ఆడటం తీరమంతటికీ పండగే.

రాష్ట్ర ఫైనల్

వేదిక బర్నీ. 1938లో పెట్టిన కాగితపు మిల్లుతో, ఓడరేవుతో పెరిగిన పారిశ్రామిక పట్టణం అది. వెస్ట్ పార్క్ మైదానం సముద్రపు ఒడ్డునే ఉంది. అక్కడికి విన్యార్డ్ నుంచి 20 కిలోమీటర్ల లోపే. నార్త్ హోబర్ట్ అభిమానులు మాత్రం ద్వీపాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు, సుమారు 300 కిలోమీటర్లు దాటి రావాలి. స్టాండ్లలో ఎవరి బలం ఎక్కువో చెప్పనక్కర్లేదు.

ఆట చివరి నిమిషాల దాకా నువ్వా నేనా అన్నట్టు సాగింది. ముగింపు సమీపించేసరికి విన్యార్డ్ 13 గోల్స్, 14 బిహైండ్లతో 92 పాయింట్లు, నార్త్ హోబర్ట్ 12 గోల్స్, 19 బిహైండ్లతో 91 పాయింట్లు. నార్త్ హోబర్ట్ 31 సార్లు స్కోరు చేసింది, విన్యార్డ్ 27 సార్లే. ఎక్కువ అవకాశాలు సృష్టించుకున్న జట్టు గురి తప్పడం వల్ల ఒక్క పాయింటు వెనకబడింది.

అప్పుడు నార్త్ హోబర్ట్ ఫార్వర్డ్ డిక్కీ కాలిన్స్ మార్క్ పట్టాడు. గోల్‌కు సూటిగా ఎదురుగా, సుమారు 20 మీటర్ల దూరంలో. ఈ స్థాయి ఫార్వర్డ్ కళ్లు మూసుకుని కొట్టగలిగే దూరం అది. వెంటనే సైరన్ మోగింది. నిబంధన ప్రకారం కాలిన్స్ కిక్ మిగిలే ఉంది. కానీ సైరన్ వినగానే విన్యార్డ్ అభిమానులు కంచె దాటి లోపలికి పరుగెత్తారు. తమ జట్టు గెలిచిందని సంబరంగా వచ్చినవాళ్లు కొందరైతే, కిక్ మిగిలుందని తెలిసే వచ్చినవాళ్లు మరికొందరు. గుంపు గోల్ స్తంభాల దగ్గరికి చేరింది. వాటిని ఊపి, ఊపి, పీకేసింది. కాలిన్స్ ముందు జనమే తప్ప గురిపెట్టడానికి స్తంభాలు లేవు. అంపైర్లు మైదానాన్ని ఖాళీ చేయించలేకపోయారు. కిక్ పడలేదు. ఆఖరి బంతి మిగిలి ఉండగానే ఎవరో వచ్చి వికెట్లు పట్టుకుపోయినట్టయింది.

ఆ కిక్‌తో మూడు ఫలితాలకు అవకాశం ఉంది. గోల్ అయితే 97-92తో నార్త్ హోబర్ట్‌కు గెలుపు. బిహైండ్ అయితే 92-92తో సమం. పూర్తిగా గురి తప్పితే ఒక్క పాయింటుతో విన్యార్డ్‌కు గెలుపు. అందుకే ఏ పక్షమూ తమదే విజయమని నిర్ద్వంద్వంగా చెప్పుకోలేకపోయింది. స్కోరు బోర్డు విన్యార్డ్ పక్షాన ఉంది, నిబంధన నార్త్ హోబర్ట్ పక్షాన ఉంది.

తీర్పు

అధికారులు మ్యాచ్‌లో ఫలితం తేలలేదని ప్రకటించి, ఆ ఏటి టైటిల్‌ను ఎవరికీ ఇవ్వకుండా వదిలేశారు. సైరన్ నాటి స్కోరును ఖాయం చేస్తే మైదానంలోకి చొరబడిన గుంపుకు బహుమతి ఇచ్చినట్టయ్యేది. కొట్టని కిక్‌కు గోల్ ఇస్తే ఆటగాళ్లు ఏ తప్పూ చేయని విన్యార్డ్‌కు శిక్ష వేసినట్టయ్యేది. రెండు వైపులా అసంతృప్తి మిగిల్చినా, ఉన్న దారుల్లో న్యాయానికి దగ్గరగా ఉన్న తీర్పు ఇదే. రెండు క్లబ్బుల ప్రాంతీయ విజయాలకు మాత్రం ఏ లోటూ రాలేదు. రాష్ట్ర విజేతల జాబితాలో 1967 ఎదుట ఏ క్లబ్బు పేరూ లేదు.

తరువాతి కాలం

డివైన్ నాయకత్వంలో నార్త్ హోబర్ట్ 1969లో మళ్లీ హోబర్ట్ లీగ్ గెలిచింది. అదే ఏడాది వాయవ్య తీరానికి గొప్ప రోజులు మొదలయ్యాయి. మెల్‌బోర్న్ నుంచి తిరిగొచ్చిన బాల్డాక్ లాట్రోబ్‌కు కెప్టెన్-కోచ్ అయ్యాడు. 1969 నుంచి 1972 దాకా వరసగా నాలుగేళ్లు వాయవ్య విజేత లాట్రోబే. 1970లో రాష్ట్ర టైటిల్ కూడా దానికే దక్కింది. బాల్డాక్ 1972లో రాష్ట్ర శాసనసభకు కూడా ఎన్నికయ్యాడు. 1978లో కూయీ రెండోసారి రాష్ట్ర టైటిల్ గెలిచింది. ఆ తరువాత ఆ పోటీ ఆగిపోయింది.

1980ల మధ్యలో హోబర్ట్ లీగ్ ఉత్తరాది క్లబ్బులను కూడా చేర్చుకుని రాష్ట్రవ్యాప్త లీగ్‌గా మారింది. దానితో వాయవ్య యూనియన్ 1986తో ముగిసింది. మిగిలిన క్లబ్బులు లాన్సెస్టన్ వైపు క్లబ్బులతో కలిసి 1987లో నార్తర్న్ టాస్మానియన్ ఫుట్‌బాల్ లీగ్‌గా ఏర్పడ్డాయి. రాష్ట్రవ్యాప్త లీగ్ 2000లో మూతపడింది, 2009లో మళ్లీ మొదలైంది.

ప్రాముఖ్యం

1967 సీజన్‌ను చాలామంది ఆ ఒక్క గందరగోళంతోనే గుర్తుపెట్టుకుంటారు. దాని వెనక ఉన్నది మాత్రం ఒకే ద్వీపంలో మూడు ప్రాంతాలు మూడు లీగులుగా విడిపోయి ఉన్న స్థితి. ఏడాదికొక్కసారి ఎదురుపడే ప్రత్యర్థుల మధ్య పోగుపడిన పౌరుషమంతా ఆ ఒక్క మధ్యాహ్నం మీదే పడింది. విడిగా ఉన్న ఈ ప్రాంతాలు కలిసి ఒక్క జట్టుగా ఆడినప్పుడు ఏం సాధించగలవో 1960లో లాన్సెస్టన్‌లో, 1990లో హోబర్ట్‌లో తేలింది. రెండుసార్లూ టాస్మానియా జట్టు బలమైన విక్టోరియాను ఓడించింది.

2023లో దేశపు అగ్ర లీగ్ అయిన ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ టాస్మానియాకు సొంత క్లబ్బును మంజూరు చేసింది. 2028లో ఆ జట్టు బరిలో దిగాలన్నది ప్రణాళిక. హోబర్ట్ రేవు పక్కన మాక్వారీ పాయింట్ దగ్గర పైకప్పుతో కొత్త స్టేడియం కట్టాలన్న షరతు మీద రాష్ట్రంలో పెద్ద రగడే జరిగింది. రాష్ట్రం డబ్బు రాజధానికే ఎందుకని ఉత్తరాదిలో గట్టిగా అడిగారు. కొత్త జట్టు సొంతగడ్డపై ఆడే మ్యాచ్‌లలో కొన్నిటిని లాన్సెస్టన్‌కు కేటాయించడం ఈ పాత పంచాయితీని సర్దుబాటు చేసే ప్రయత్నాల్లో భాగమే.