ఆరంభం మాత్రమే రాసే పుస్తకం: జెఫర్సన్ కౌంటీ అరెస్టు రికార్డుల చరిత్ర

అమెరికాలో ఒక వ్యక్తిని అరెస్టు చేసి కౌంటీ జైలుకు తీసుకొనివచ్చినప్పుడు అక్కడ మొదట జరిగేది రాత పని. పేరు, పుట్టిన తేదీ, మోపిన నేరం, అరెస్టు చేసిన శాఖ, బెయిలు మొత్తం, కోర్టుకు హాజరు కావలసిన తేదీ నమోదవుతాయి. వేలిముద్రలు వేయించుకొని ఫొటో తీస్తారు. ఈ ప్రక్రియనే అక్కడ బుకింగ్ అంటారు. తెలుగు పత్రికలు ‘కేసు బుక్ చేశారు’ అని రాసేటప్పుడు ఆ మాటకున్న అర్థం వేరు. అది నేరాన్ని నమోదు చేయడం. ఇది మనిషిని నమోదు చేయడం. జైలు అన్న మాట విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. అమెరికన్ వ్యవహారంలో జైలు అనేది సాధారణంగా కౌంటీకి చెందినది. విచారణ ముగియనివారు, స్వల్పకాలిక శిక్ష పడినవారు అందులో ఉంటారు. దీర్ఘకాలిక శిక్ష అనుభవించేవారిని ఉంచే రాష్ట్ర కారాగారానికి వారి భాషలో ప్రిజన్ అని వేరే పేరుంది. తెలుగులో రెండూ జైళ్లే. కనుక కౌంటీ జైలు పుస్తకంలో పేరున్నవారందరూ నేరం రుజువైనవారే అనే భ్రమ తెలుగు పాఠకుడికి సులభంగా కలుగుతుంది. రెండు మాటలూ వేరువేరుగా ఉన్న అమెరికన్ సమాజానికి సైతం ఆ భ్రమ తప్పలేదనడానికి కెంటకీ రాష్ట్రంలోని జెఫర్సన్ కౌంటీ చరిత్ర చాలు. లూయివిల్ నగరం ఈ కౌంటీలోనిదే.

అసలు ఈ పుస్తకం ప్రజలకెందుకు తెరిచి ఉండాలి? బందీని న్యాయమూర్తి ఎదుట నిలిపి నిర్బంధానికి కారణం చెప్పాలన్న ఇంగ్లండు హేబియస్ కార్పస్ సంప్రదాయం (1679 నాటి చట్టం దానికి బలాన్నిచ్చింది) దీనికి వెనుక ఉన్న భావభూమి. ఎవరిని పట్టుకున్నారో, ఎందుకు పట్టుకున్నారో బయటివారికి తెలియకపోతే ఆ మనిషి తరఫున కోర్టు తలుపు తట్టేవారెవరు? మిల్వాకీ పోలీసు అధిపతి రోజువారీ అరెస్టుల చిట్టాలోని అభియోగాలను పత్రికలకు చూపడానికి నిరాకరించినప్పుడు, 1979లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఆ చిట్టా బహిరంగంగా ఉండవలసిందేనని తీర్పునిచ్చింది. రహస్య అరెస్టుకు ప్రజాస్వామ్యంలో చోటు లేదన్నది ఆ తీర్పు సారం. భారతదేశంలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు, అరెస్టు సమాచారం బంధువులకు అందాలనీ, జిల్లా కేంద్రంలోని పోలీసు కంట్రోల్ రూమ్ నోటీసు బోర్డు మీద కనిపించాలనీ ఆదేశించింది. ఆ నియమమే తరువాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 41-సి సెక్షన్‌గా, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్‌గా చట్టంలో ఉంది. రెండు దేశాలలోనూ అరెస్టు పుస్తకం తెరిచింది చూసేవారి కుతూహలం తీర్చడానికి కాదు. పట్టుబడినవాడు కనుమరుగు కాకుండా ఉండడానికి.

ఆ రక్షణ సాధనమే జెఫర్సన్ కౌంటీలో పట్టుబడినవాడి మీదికి తిరిగింది. 1972 చివర, క్రిస్మస్ అమ్మకాల కాలం దగ్గరపడుతుండగా, లూయివిల్ పోలీసు అధిపతి, జెఫర్సన్ కౌంటీ పోలీసు అధిపతి కలిసి దుకాణదారులకు ఒక కరపత్రం పంచారు. డిసెంబరు 1 తేదీతో వెలువడిన ఆ పత్రంలో ఐదు పుటల నిండా పేర్లు, ఫొటోలు అక్షరక్రమంలో ఉన్నాయి. వారందరూ ‘చురుకుగా తిరుగుతున్న దుకాణ దొంగలు’ అన్నది శీర్షిక భావం. దాదాపు 800 మంది వర్తకులకు ఆ ప్రతులు అందాయి. 1971, 1972 సంవత్సరాలలో ఆ నేరారోపణపై అరెస్టయి ఉండడమే అందులో పేరు ఎక్కడానికి ఆధారమైంది. శిక్ష పడిందా లేదా అన్నది పోలీసులు లెక్కలోకి తీసుకోలేదు.

అందులో ఒక ఫొటో స్థానిక పత్రికలో పనిచేసే ఫొటోగ్రాఫరుది. ఇతరుల ముఖాలను పత్రికకెక్కించే మనిషి ముఖం ఈ విధంగా పుటకెక్కడం చరిత్రలోని వింతలలో ఒకటి. 1971 జూన్‌లో ఆయన అరెస్టయ్యాడు. నేరం చేయలేదని కోర్టులో చెప్పాడు. తిరిగి తెరిచే అవకాశం ఉంచుకొని ఆ కేసును పక్కన పెట్టారు. కరపత్రం వెలువడేనాటికి కేసు అదే స్థితిలో ఉంది. ఆ తరువాత కొద్దికాలానికే లూయివిల్ పోలీసు కోర్టు న్యాయమూర్తి దానిని కొట్టివేశాడు. ఈలోగా కరపత్రం ఆయన పై అధికారి చేతికి చేరింది. ఉద్యోగం పోలేదు కాని, మరోసారి ఇటువంటి పరిస్థితిలో కనబడవద్దన్న హెచ్చరిక అందింది. ఫొటోగ్రాఫరు ఫెడరల్ కోర్టుకు వెళ్లాడు. పాల్ వర్సెస్ డేవిస్ పేరుతో ప్రసిద్ధమైన ఆ కేసులో 1976 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురికి ముగ్గురి ఆధిక్యంతో పోలీసుల పక్షాన నిలిచింది. కేవలం కీర్తికి కలిగిన నష్టం రాజ్యాంగం కాపాడే స్వేచ్ఛ కిందికి గాని, ఆస్తి కిందికి గాని రాదని జస్టిస్ రెన్‌క్విస్ట్ రాసిన తీర్పు నిర్ణయించింది. జస్టిస్ బ్రెనన్ గట్టిగా విభేదించాడు. విచారణ లేకుండానే అధికారులు ఒక మనిషిని నేరస్థుడని ముద్రవేయడం ఈ తీర్పుతో సాధ్యమవుతుందన్నది ఆయన ఆందోళన.

కెంటకీ శాసనసభ ఓపెన్ రికార్డ్స్ చట్టాన్ని ఆమోదించినదీ 1976లోనే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం అవసరం. ఒకటి ప్రభుత్వ పత్రాలను పౌరుడికి తెరిచింది. మరొకటి ప్రభుత్వం తన పత్రాన్ని పౌరుడి మీద ప్రయోగించినప్పుడు ఫెడరల్ రాజ్యాంగం అడ్డురాదని చెప్పింది. పౌరుడు వెతుక్కుంటూ వచ్చి చూసే పుస్తకానికీ, అధికారి ఇంటింటికీ మోసుకెళ్లే పుస్తకానికీ ఉన్న తేడాను ఈ రెండూ గుర్తించలేదు.

ఆ తేడాకు మరో ముఖం కూడా ఉంది. దానిని విస్మరించడం చరిత్రకు అన్యాయమవుతుంది. 1993 డిసెంబరులో ఇదే కౌంటీలో ఒక యువతి తన 21వ పుట్టినరోజున హత్యకు గురైంది. ఆమెపై అఘాయిత్యం చేసి అరెస్టయిన మాజీ స్నేహితుడు బెయిలు మీద బయటికి వచ్చాడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. జైలు పుస్తకంలో విడుదల నమోదైనంత మాత్రాన ఏం లాభం, అది తెలియవలసిన మనిషికి తెలియనప్పుడు? మరుసటి సంవత్సరం డిసెంబరులో కౌంటీ వైన్ అనే వ్యవస్థను ప్రారంభించింది. జైలు కంప్యూటరులో ఖైదీ స్థితి మారగానే, పేరు నమోదు చేసుకున్న బాధితుడికి దానంతటదే ఫోను వెళుతుంది. కాలక్రమంలో అది చాలా రాష్ట్రాలకు విస్తరించింది. ఇక్కడ ప్రాణం కాపాడే అవకాశం ఉన్నది పుస్తకం దానంతట అది కదిలి వెళ్లడంలోనే. 1972 కరపత్రమూ కదిలింది, 1994 ఫోనూ కదిలింది. కరపత్రం ఒక అనుమానాన్ని తీర్పుగా మార్చి అడగనివారికి పంచింది. ఫోను జరిగిన ఒక సంఘటనను అడిగినవారికి చెప్పింది. అరెస్టు రికార్డుల మీద చర్చ తరచుగా ‘తెరవాలా, మూయాలా’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఎవరికి, ఏ మాటలతో చేరుతోంది అన్న ప్రశ్నే ఎక్కువ విలువైనది.

ఇంటర్నెట్ వచ్చాక కౌంటీలు జైలు పుస్తకాన్ని అందరి ముందూ పెట్టాయి. పెన్సిల్వేనియాలోని బక్స్ కౌంటీ 2007లో ఒక వెతుకుడు సాధనాన్ని రూపొందించింది. 1938 నుండి ఆ జైలులో గడిపిన 66,799 మంది వివరాలు అందులో చేరాయి. అరెస్టు రికార్డును కోర్టు చట్టప్రకారం తుడిచివేయించిన మనిషి పేరు కూడా అందులో ఉంది. కోర్టు ఆదేశం ఒక అలమారకు చేరింది. పాత జైలు పుస్తకం మరో అలమారలో అలాగే మిగిలిపోయింది. 2019లో జ్యూరీ కౌంటీ రాష్ట్రచట్టాన్ని తెలిసే ఉల్లంఘించిందని తేల్చి, ఒక్కొక్కరికి 1,000 డాలర్ల చొప్పున దండన పరిహారం నిర్ణయించింది. ఫొటో తొలగించడానికి సొమ్ము అడిగే వ్యాపారులు కూడా ఈ కాలంలోనే పుట్టుకొచ్చారు. కెంటకీ 2016లో వారిని అడ్డుకొనే చట్టం చేసింది.

నేడు జెఫర్సన్ కౌంటీలో ఈ రికార్డులను వెతికేవారు ముందుగా గ్రహించవలసింది, అవి ఒకే చోట ఉండవన్నది. కెంటకీలోని 120 కౌంటీలకూ ఎన్నికైన జైలరు ఉండాలన్నది రాష్ట్ర రాజ్యాంగ నియమం. కాని ఇక్కడ జైలును నడిపేది జైలరూ కాదు, షెరీఫూ కాదు. 2003లో నగరం, కౌంటీ విలీనమై ఏర్పడిన మెట్రో ప్రభుత్వపు కరెక్షన్స్ శాఖ. బుకింగ్ వివరాలు ఆ శాఖ దగ్గర దొరుకుతాయి. కేసు ఏమైందన్నది అక్కడ తెలియదు. దానికోసం సర్క్యూట్ కోర్టు క్లర్కు కార్యాలయానికి వెళ్లాలి. నేరారోపణ వీగిపోయి రికార్డు తుడిచివేతకు గురైతే, క్లర్కు దగ్గర ఏమీ దొరకదు. కాని ఆ ఖాళీ నేరానికి రుజువు కాదు. దూరాన ఉన్న పరిశోధకుడికి ఇంకొక అడ్డంకి ఉంది. 2021 సవరణ తరువాత కెంటకీ పత్రాలను హక్కుగా అడిగే అధికారం ఆ రాష్ట్ర నివాసులకే పరిమితమైంది. లూయివిల్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంవారు అడగగలిగిన కాగితాన్ని హైదరాబాదు విశ్వవిద్యాలయాచార్యుడు హక్కుగా అడగలేడు.

పాత కాలపు రికార్డుల సంగతి మరింత కష్టం. ఫొటోగ్రాఫరు కేసును కొట్టివేసిన పోలీసు కోర్టు వంటి స్థానిక కోర్టులను రాష్ట్ర న్యాయవ్యవస్థ పునర్నిర్మాణంలో రద్దుచేసి, 1978 నుండి వాటి స్థానంలో జిల్లా కోర్టులను నెలకొల్పారు. ఆయన అరెస్టయిన సంగతి 800 దుకాణాలకు చేరింది. కేసు కొట్టివేశారన్న సంగతి నేటి పాఠకుడికి తేలికగా కనిపించేది ఒకే చోట: సుప్రీంకోర్టులో ఆయన ఓడిపోయిన తీర్పులో.